కొలతకు అందని వేగం

1976 జూన్‌లో పశ్చిమ జర్మనీ రోడ్ల మీదికి ఒక చిన్న కారు వచ్చింది. చూడడానికి అది అప్పటికి రెండేళ్లుగా అక్కడి గృహస్థులు కొనుక్కుంటున్న గోల్ఫ్ కారే. వెనుక తలుపు పైకి తెరుచుకుంటుంది. కూరగాయల బుట్టలు, పిల్లల సామాను అందులో సులువుగా పడతాయి. ముందువైపు నల్లని జాలీ చుట్టూ సన్నని ఎర్ర గీత ఒకటి, దాని మీద మూడు అక్షరాలు: జి.టి.ఐ. పైకి కనిపించే తేడా అంతకు మించి పెద్దగా లేదు. కాని మోటారు మార్గాలలో ఎడమ వరుస అంతవరకు ఖరీదైన పెద్ద కార్ల సొత్తుగా ఉండేది. ఇప్పుడు ఆ పెద్ద కార్ల యజమానులకు వెనుక అద్దంలో ఈ ఎర్ర గీత కనిపించసాగింది. దారి ఇవ్వక తప్పలేదు.

ఆ కారును ఫోక్స్‌వాగన్ సంస్థ తనంత తానుగా కోరి తయారు చేయలేదు. 1973లో ఆ సంస్థలోని కొద్దిమంది ఉద్యోగులు, పైవారికి చెప్పకుండా, కుటుంబాల కారుకు పరుగు పందెపు గుండెను అమర్చే పని మొదలుపెట్టారు. తర్వాత సంస్థ అంగీకరించింది గాని, ఇది 5,000 కార్లతో తీరిపోయే ముచ్చట అనుకున్నది. 1983లో మొదటి తరం ముగిసేనాటికి అమ్ముడైనవి 4,60,000కు పైగా! అందులో 1,588 ఘన సెంటీమీటర్ల ఇంజను, 110 అశ్వశక్తి, గంటకు 182 కిలోమీటర్ల గరిష్ఠ వేగం ఉండేవి. ధర 13,850 మార్కులు. లోపల సీట్లకు స్కాట్లండు గళ్ల గుడ్డ, గేరు కర్రకు పిడిగా గోల్ఫ్ బంతి. ఈ రెండూ గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే చిత్రకారిణి ఊహలు. ఆమె అంతకుముందు పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసేవారు.

ఇటువంటి ప్రయత్నాలు అంతకుముందే ఇటలీలోను, ఫ్రాన్సులోను జరగకపోలేదు. అయినా ‘హాట్ హ్యాచ్‌బ్యాక్’ అన్న జాతికి లోకంలో పేరు తెచ్చినది ఈ కారే. ఆ జాతి లక్షణాన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు: వారమంతా సంసారానికి, ఆదివారం సంతోషానికి, రెండింటికీ ఒకే కారు.

ఇప్పటికి ఎనిమిది తరాలు గడిచాయి. 2024లో సవరించి విడుదల చేసిన ఎనిమిదవ తరం గోల్ఫ్ జి.టి.ఐ.కి 265 అశ్వశక్తి. నిలిచిన చోటు నుండి 100 కిలోమీటర్ల వేగానికి మొదటి కారుకు సుమారు 9 సెకన్లు పట్టగా, దీనికి 5.9 సెకన్లు చాలు. 2025 మేలో ఈ కారు భారతదేశానికి కూడ వచ్చింది. దిగుమతి చేసుకున్న ఆ కారు ధర అప్పుడు సుమారు 53 లక్షల రూపాయలు. దానిని ఇక్కడ కొన్నవారికి పోల్చి చూడడానికి దాని పూర్వీకులు కనపడవు. ఎర్ర గీత ఒక్కటే వారసత్వంగా మిగిలింది. కాని ఆ కారు పుట్టిన ప్రాంతంలోనే, ఒక తెలుగు కుటుంబానికి ఆ పోలిక తప్పనిసరి అయింది.

*

వోల్ఫ్స్‌బర్గ్ కర్మాగారానికి కొద్ది దూరంలో బ్రౌన్‌ష్వైగ్ నగరం ఉన్నది. జర్మనీ దేశానికంతటికీ అధికారికమైన సమయాన్ని చెప్పే పరమాణు గడియారాలు ఆ నగరంలోనే ఉన్నాయి. గుంటూరు జిల్లా నుండి 1989లో పైచదువుకు వెళ్లిన ఒక యువకుడు అక్కడే స్థిరపడి, కొలత పరికరాలు తయారు చేసే చిన్న సంస్థలో ఉద్యోగం చేసి, అరవై ఏళ్లు దాటిన తర్వాత విరమించాడు. మిల్లీమీటరులో వెయ్యో వంతు తేడా వస్తే నిద్రపట్టని స్వభావం అతనిది. “కొలవలేనిది ఉన్నదంటే నమ్మను” అని ఇంట్లో అంటూ ఉండేవాడు.

1994లో ఒక బడిపంతులు దగ్గర అతడు 1983 నాటి గోల్ఫ్ జి.టి.ఐ.ని కొన్నాడు. మొదటి తరంలో చివరి సంవత్సరపు కారు అది. అప్పటికే దానికి పదకొండేళ్లు. ధర తక్కువ, డిక్కీ పెద్దది, కొత్తగా కాపురానికి వచ్చిన భార్యతో ఊళ్లు తిరగడానికి వీలైనది. కూతురు పుట్టిన తర్వాత ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చింది ఆ కారులోనే. ప్రతి సంవత్సరం ఆవకాయ జాడీలు ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుండి ఇంటికి చేరింది ఆ కారులోనే. తరువాత ఇంటికి వేరే కార్లు వచ్చాయి, పోయాయి. ఇది మాత్రం పోలేదు.

జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా నిలిచిన కారుకు చారిత్రక వాహనంగా గుర్తింపు ఇస్తారు. దాని నంబరు పలక చివర ‘హెచ్’ అన్న అక్షరం ఉంటుంది. ఏడాదికి 191 యూరోల 73 సెంట్ల పన్ను కడితే సరిపోతుంది. ఆ అక్షరం వచ్చిన రోజున ఆ ఇంట్లో పాయసం వండారు.

2024 నవంబరులో ఒక సాయంకాలం అతడు ఒంటరిగా ఇంటికి వస్తున్నాడు. సన్నని వాన. రోడ్డు మీద రాలిన ఆకులు. ఎడమవైపు అడవిలో నుండి జింక ఒకటి దూకింది. అతడు బ్రేకు తొక్కాడు, స్టీరింగు తిప్పాడు. చక్రాలు బిగుసుకుపోయాయి. కారు తిరగలేదు. నున్నగా, నిశ్శబ్దంగా, ముందున్న దిక్కుకే జారిపోయింది. జింక తప్పించుకున్నది. కారు రోడ్డు దిగి ఒక బీచ్ చెట్టుకు జానెడు దూరంలో ఆగింది.

ఎందుకు తిరగలేదో అతనికి తెలుసు. దొర్లే చక్రం మాత్రమే దిక్కు మార్చగలదు. బిగుసుకుపోయిన చక్రం జారుడు బల్ల మీది రాయితో సమానం. స్టీరింగు ఎటు తిప్పినా దానికి ఒక్కటే. చక్రం బిగుసుకునే క్షణాన్ని పసిగట్టి, బ్రేకును క్షణానికి అనేక మార్లు వదిలి పట్టే ఏ.బి.ఎస్. అన్న ఏర్పాటు 1978లోనే ఖరీదైన మెర్సిడెస్ కార్లలో వచ్చింది. చిన్న కార్ల దాకా అది దిగి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1983 నాటి ఈ కారులో అది లేదు. ముఖానికి అడ్డుపడే గాలి సంచీ లేదు. జారుతున్న బండిని దారిలో నిలిపే మరొక ఏర్పాటూ లేదు. ఉన్నవల్లా రెండు చేతులు, రెండు కాళ్లు, ముప్పై ఏళ్ల అలవాటు. ఆ సాయంకాలం అవి చాలలేదు.

మరుసటి ఆదివారం హానోవర్ నుండి కూతురు వచ్చింది, నాలుగేళ్ల కొడుకుతో. పిల్లవాడికి తాతయ్య ఎర్ర కారంటే ప్రాణం. కూతురు కోపంగా మాట్లాడలేదు.

“నాన్నా, ఆ కారు మీద నాకు పగ లేదు. నేను దాని వెనుక సీట్లోనే పెరిగాను. కాని బాబును ఇక అందులో ఎక్కించకు.”

“నిన్ను ఎక్కించుకుని వేల మైళ్లు తిరిగానమ్మా.”

“అప్పుడు ఇంతకంటే మంచిది ఉన్నదని మనకు తెలియదు. ఇప్పుడు తెలుసు.”

ఆ మాటకు అతని దగ్గర సమాధానం లేకపోయింది.

*

2025 వసంతకాలంలో, కొత్త జి.టి.ఐ.ని రెండు గంటల పాటు నడిపి చూడడానికి ఒక అమ్మకందారు దగ్గర ఏర్పాటు చేసుకున్నాడు. కొలతల మనిషి గనుక, అంతకు ముందు రోజు పాత కారును అదే దారిలో నడిపాడు. నగరం నుండి దక్షిణంగా మోటారు మార్గం. అరగంట తర్వాత హార్ట్జ్ పర్వతాలు. అక్కడి నుండి ఓకర్ నది లోయ వెంట, జలాశయాన్ని ఆనుకుని, ఆల్టెనావు వైపు వంకరలు తిరుగుతూ ఎక్కే రోడ్డు. రెండు రోజులూ భార్య పక్కనే కూర్చున్నది. అతని జేబులో ఒక నోటుపుస్తకం, అందులో నిలువుగా రెండు గడులు: ‘పాతది’, ‘కొత్తది’.

కొలిచినంత వరకు కొత్త కారు ప్రతి వరుసలోనూ గెలిచింది. బరువు ఒక్కటే దానికి ప్రతికూలం. పాతదానికంటే దాదాపు 600 కిలోలు ఎక్కువ. పొడవు సుమారు అర మీటరు అధికం. కాని ఆ బరువు ఊరికే పెరగలేదు. గాలి సంచీలు, తలుపులలోని ఉక్కు దూలాలు, ప్రమాదంలో నలిగి లోపలివారిని నలగనివ్వని ముందుభాగం, అన్నీ కలిసి ఆ బరువు. పాత కారు తలుపును రెండు వేళ్లతో వేయవచ్చు. డబ్బా మూత వేసినట్టు చప్పుడవుతుంది. కొత్తదాని తలుపు బీరువా తలుపులా పడుతుంది.

మోటారు మార్గం మీద 130 కిలోమీటర్ల వేగంలో పాత కారులో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. ఇంజను మోత, గాలి హోరు, ఎక్కడో ఒక మరలో కిరకిర. కొత్తదానిలో భార్యాభర్తలు గుసగుసగా మాట్లాడుకోవచ్చు. మరీ నిశ్శబ్దమైతే నడిపేవారికి వెలితిగా ఉంటుందని కాబోలు, ఇంజను ధ్వనిని లోపలికి పెంచి వినిపించే పరికరం ఒకటి తయారీదారులే అమర్చారు. అతడు దాన్ని మూడు నిమిషాలు విని, తగ్గించేశాడు.

గ్రామాల గుండా వెళ్లేటప్పుడు వేగం 50 దాటగానే కారు సన్నగా కూతపెట్టింది. 2024 జులై నుండి యూరపు సమాఖ్యలో నమోదయ్యే ప్రతి కొత్త కారులోనూ వేగపరిమితిని గుర్తుచేసే ఈ ఏర్పాటు ఉండితీరాలి. ఆపివేయవచ్చు, కాని కారు మళ్లీ కదిలించినప్పుడు అది మళ్లీ మేలుకుంటుంది. మొదట అతనికి విసుగు కలిగింది. మూడవ గ్రామంలో ఒక బడి ముందు ఆ కూత విన్నప్పుడు, నిన్న పాత కారులో ఇదే చోట తాను ఎంత వేగంతో వెళ్లాడో తనకు గుర్తు లేదన్న సంగతి తోచింది. పుస్తకంలో కొత్తదాని గడిలో ఒక మార్కు వేశాడు.

అసలు పరీక్ష ఓకర్ లోయలో. పాత కారుకు స్టీరింగు సాయం లేదు. నిలిపి ఉన్నప్పుడు తిప్పాలంటే భుజాలు నొప్పిపెడతాయి. కాని వేగం అందుకున్న తర్వాత ఆ చక్రం అరచేతులలో ప్రాణమున్నదానిలా కదులుతుంది. రోడ్డు మీద అతుకు, తడి, ఇసుక రేణువులు, అన్నీ వేళ్లకు తెలుస్తాయి. వంపు రాకముందే గేరు తగ్గించాలి. బ్రేకును ఎప్పుడు వదలాలో కాలికి తెలియాలి. అర సెకను ముందైనా వెనుకైనా కారు ఒప్పుకోదు. అన్నీ కుదిరి ఒక వంపు శుభ్రంగా దాటితే, ఒక శ్లోకం తప్పు లేకుండా అప్పగించిన పిల్లవాడి సంతోషం.

కొత్తదానిలో గేరు కర్ర లేదు. 2024 సవరణ నుండి ఈ కారును చేతి గేర్లతో అమ్మడం మానేశారు. బొటనవేలంత మీట ఒకటి ఉన్నది. ఏడు గేర్లను యంత్రమే, ఏ మనిషీ మార్చలేనంత త్వరగా మారుస్తుంది. వంపులో రెండు ముందు చక్రాలకు శక్తిని ఎంత పంచాలో మరొక యంత్రం లెక్కవేసి, బండి ముక్కును లోపలికి లాగుతుంది. అతడు స్టీరింగు తిప్పాడు, కారు తిరిగింది. అంతే. ఏ శ్రమా లేదు, ఏ సందేహమూ లేదు. వేగం 60 ఉండవచ్చుననుకుని చూస్తే 85 చూపిస్తున్నది.

ఈ అంకె దగ్గర అతడు రోడ్డు పక్కన ఆగి చాలాసేపు ఆలోచించాడు. పాత కారులో 60 వేగం దగ్గర గుండె ఉల్లాసంగా కొట్టుకుంటుంది. కొత్తదానిలో ఆ ఉల్లాసం కావాలంటే అదే వంపులో 100 దాటాలి. కాని వేగం రెట్టింపయితే దాని వెనుకనున్న శక్తి నాలుగింతలవుతుంది. యంత్రాలన్నీ ఓడిపోయే హద్దు ఒకటి ఎక్కడో ఉండనే ఉన్నది. ఆ హద్దుకు చేరేసరికి ఏ గాలి సంచీ కాపాడుతుందో చెప్పలేము. పాత కారు సంతోషాన్ని సామాన్యమైన వేగంలోనే ఇచ్చేది. కొత్త కారు దాన్ని చట్టానికి అవతల, ఈ వయసులో అతడు వెళ్లకూడని చోట దాచిపెట్టింది.

పక్కకు తిరిగి చూశాడు. భార్య నిద్రపోతున్నది.

ముప్పై ఏళ్లలో ఆ దారిలో ఆమె ఎన్నడూ కన్ను మూయలేదు. పాత కారులో ఆమె ఎడమచేత్తో సీటు అంచు పట్టుకుని, “ఏమండీ, మెల్లగా” అని ప్రతి వంపుకూ ముందు అనేది. ఆ మాట కూడ ప్రయాణంలో ఒక భాగం. ఇప్పుడు ఆమె తల మెత్తని దిండుకు ఆనుకుని ఉన్నది. ఇంతకంటే ఈ కారుకు కావలసిన యోగ్యతాపత్రం ఏముంటుంది? అయినా అతని మనసులో ఏదో చివుక్కుమన్నది. నోటుపుస్తకంలో ఏ గడిలో రాయాలో తోచక, ఆ సంగతి రాయలేదు.

జలాశయం దగ్గర, ఖాళీగా ఉన్న విశాలమైన బండ్ల నిలుపుదల స్థలంలో చివరి పరీక్ష చేశాడు. ఉదయం కురిసిన వానకు నేల తడిగా ఉన్నది. భార్యను లేపి, దిగి దూరంగా నిలబడమన్నాడు. 50 వేగంతో వచ్చి, బ్రేకు పూర్తిగా తొక్కి, స్టీరింగు కుడికి తిప్పాడు. కాలి కింద పెడల్ గడగడ వణికింది. కారు కుడికి తిరిగింది, తిరుగుతూనే ఆగింది. నవంబరు సాయంకాలం తిరగని తిరుగుడు అది. అతడు దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉంచి కొంతసేపు కూర్చున్నాడు. భార్య దగ్గరికి వచ్చి అద్దం మీద తట్టింది.

“చెట్టు గుర్తొచ్చిందా?” అన్నది.

అతడు తల ఊపాడు.

*

కారు అప్పగించినప్పుడు అమ్మకందారు దగ్గరి యువకుడు మర్యాదగా అడిగాడు, ఎలా ఉన్నదని. “నేను చేయగలిగినదంతా ఇది నాకంటె బాగా చేస్తున్నది” అన్నాడతడు. దాన్ని మెచ్చుకోలుగానే యువకుడు స్వీకరించాడు. మెచ్చుకోలే. కాని అందులో ఒక ఫిర్యాదు లేకపోలేదు.

ఆ ఫిర్యాదు ఒక్క మనిషిది కాదు. 2020లో ఈ ఎనిమిదవ తరం వచ్చినప్పుడు స్టీరింగు మీది బొత్తాములు తీసివేసి, వేలు తాకితే పనిచేసే నున్నని పలకలు పెట్టారు. చూడకుండా వాటిని వాడలేకపోతున్నామని కొనుగోలుదారులు గోలపెట్టారు. 2024 సవరణలో నొక్కితే తెలిసే అసలు బొత్తాములు తిరిగి వచ్చాయి. చేతికి ఏదో ఒకటి తగలాలన్న కోరిక పాతకాలపు చాదస్తం కాదని తయారీదారులే ఒప్పుకున్నట్టయింది.

రాత్రి భోజనాల తర్వాత అతడు నోటుపుస్తకం తెరిచి లెక్క చూశాడు. మనవడి క్షేమానికి కావలసినవి ఏమిటి? జారని బ్రేకు, గాలి సంచీలు, పిల్లల సీటును బిగించే కొక్కేలు, దారి తప్పనివ్వని ఏర్పాటు. ఇవన్నీ కొత్త జి.టి.ఐ.లో ఉన్నాయి. కాని ఇవి సగం ధరకు దొరికే ఏ సాధారణమైన కొత్త చిన్న కారులోనైనా ఉన్నాయి. మరి తన సంతోషానికి కావలసినవి? బరువు లేని బండి, చేతికి తెలిసే రోడ్డు, తాను తప్పు చేస్తే తప్పని చెప్పే యంత్రం. ఇవి 265 అశ్వశక్తులలో లేవు. నలభై వేల యూరోలకు పైబడిన ధర పెట్టి కొనబోయేది, తనకు అక్కరలేని అశ్వశక్తిని మాత్రమే.

1976లో ఆ కొద్దిమంది సాధించిన అద్భుతం సంసారాన్నీ సంతోషాన్నీ ఒకే కారులో ఇమడ్చడం. కారు మీద కాలం తెచ్చిన మార్పు చూస్తే, తన వరకు ఆ రెండూ మళ్లీ విడిపోయాయని అతనికి తేలింది. రెండింటినీ ఒకటిగా ఉంచే ప్రయత్నం ఇక మోసమే అవుతుంది. కొత్తదాన్ని కొని పాత సంతోషాన్ని అందులో వెదికితే తనకు మోసం. పాతదాన్నే పట్టుకుని అందులో మనవడిని ఎక్కిస్తే పిల్లవాడికి మోసం.

నెల తిరగకముందే ఇంటికి మూడేళ్లు వాడిన సాధారణమైన చిన్న కారు ఒకటి వచ్చింది. దాని మీద ఎర్ర గీత లేదు. దాని వెనుక సీటులో మనవడి సీటు బిగించారు. పాత జి.టి.ఐ. షెడ్డులోనే ఉన్నది. అతడు దానికి మూడు నియమాలు పెట్టాడు: వాన రోజున బయటికి తీయకూడదు, చీకటి పడితే తీయకూడదు, అందులో రెండో మనిషిని ఎక్కించుకోకూడదు.

మొదటి రెండు నియమాలకు భార్య ఒప్పుకున్నది. మూడవది విని ఊరుకోలేదు.

“మీ ప్రాణానికి ఒక లెక్క, నా ప్రాణానికి ఒక లెక్కా? మీరొక్కరే వెళితే నేను ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవాలి. దానికంటె సీటు అంచు పట్టుకుని కూర్చోవడమే నాకు హాయి.”

“ప్రమాదం అని తెలిసి కూడానా?”

“తెలిసే కదా ముప్పై ఏళ్లు కూర్చున్నాను. బాబుకు తెలియదు. వాడిని ఎక్కించవద్దు. నేను ఎక్కుతాను.”

ఆమె చెప్పినది నోటుపుస్తకంలోని లెక్కలన్నిటికంటె కచ్చితమైనది. తెలిసి, తలచి, తన కోసం తాను ఎంచుకునే ప్రమాదం ఒకటి. తెలియని వారి తలమీద మన సంతోషం కోసం మోపే ప్రమాదం మరొకటి. రెండింటికీ ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే వేగం కావచ్చు. అవి ఒకటి కావు. కొత్త కార్ల తయారీలో యాభై ఏళ్లుగా జరుగుతున్నదల్లా ఆ రెండవదాన్ని తగ్గించే ప్రయత్నమే. అందుకు మూల్యంగా నడిపేవాడి చేతిలోని పనిని ఒక్కొక్కటిగా తీసుకుంటున్నారు. ఆ బేరం న్యాయమైనదే. అయితే ఇచ్చినదేమిటో, పుచ్చుకున్నదేమిటో తెలిసి చేసుకోవలసిన బేరం.

ఇప్పుడు ఎండ కాసిన ఆదివారాలలో ఆ ఎర్ర కారు ఓకర్ లోయలో కనిపిస్తుంది. గేరు కర్ర మీద గోల్ఫ్ బంతి నలభై ఏళ్ల అరచేతుల రాపిడికి నున్నబడింది. వేగం 60 దాటదు. వెనుక వచ్చే కొత్త కార్లు దాటిపోతుంటాయి. వాటిలో కొన్నింటికి ముందు ఎర్ర గీత ఉంటుంది. వాటికి దారి ఇవ్వడానికి అతడు వెనుకాడడు. మూడవ నియమంలో ‘రెండో మనిషి’ అన్న మాట కొట్టివేసి, ఆ చోట ‘పిల్లలు’ అని రాసుకున్నాడు.